నరం పలికితే

బోర్లా పడుకోబెట్టేసేరు నన్ను. దిండు మద్దిన మొకం పెట్టుకోడానికి గుంటున్నాది, అందులోంచి సూస్తే నేల తప్ప ఇంకేటీ కనబడదు. తెల్ల పలకలు, నర్సు నీలం సెప్పులు, ఓ మూల తొక్కీసిన దూదిముక్క. కదలొద్దు మాశీ, కదలొద్దు అంటాది నర్సు, బెంగాలీ పిల్ల, మాశీ అంటే ఆల్ల బాసలో పిన్ని, మంచిదే, సెయ్యి సల్లగుంటాది. కదలకుండా ఉండ్డం నాకు నేర్పాలేటే పిల్లా, ఖిదిర్‌పూర్ బజార్లో ఎండుసేపల గంపల ఎనకాల పొద్దున్న కూకుంటే దీపాలెట్టీదాకా లెగకుండా కూకున్నదాన్ని. ముడ్డిపూస కాడ రెండు తీగలు గుచ్చేరు, ఎంటికంత సన్నం తీగలు. గుచ్చితే తెలిసిందేటి, తెల్దు, ఆ సుట్టుపక్కల నాకేటీ తెల్దు, అందుకే కదా వొచ్చేము. ఆ తీగలు ఎల్లి పక్కనున్న మిసన్లో కలుస్తాయి, మిసన్‌కి ఓ డబ్బా ఉన్నాది, అది సప్పుడు సేస్తాది. ఇప్పుడైతే సేటలో బియ్యం సెరుగుతున్నట్టు సన్నగా రొద, అంతే. ఆ రొద పెరగాల. పెరిగితే నాను బతికినట్టు, లేదంటే లేదు.

నిన్నట్నించి నీల్లు ముట్టలేదు నాను. బాగా తాగి రమ్మన్నారు, మా మావ, నన్ను కట్టుకున్నోడు, గలాసు పట్టుకుని నా ఎనకాలే తిరిగేడు, అతను అటు తిరగ్గానే గుమ్మంలో తులసి కుండీలో పోసీసేను. ఏటి సెయ్యమంటారు మరి, ఖిదిర్‌పూర్ నించి భవానీపూర్ దాకా టేక్సీలో రావాల, సీటు తడిసిపోతే ఆ డ్రైవరు దాదా మొకం నానెలా సూడను. తాగలేదని నర్సుకి సెప్పేస్తే నవ్వింది, పర్లేదంట, గొట్టంలోంచి ఉప్పునీల్లు ఎక్కించి నా ఉచ్చసంచి ఈల్లే నింపుతారంట. నింపుతూ ఉంటే ఆ రొద పెరగాలంట. ఇదంతా నాకు ఇప్పి సెప్పింది మహితమ్మ. వరంగల్ పిల్ల, డాక్టరు కాదు, మిసన్ల సదువు సదివి ఈ కొత్త పని సూడ్డానికి ఇక్కడికొచ్చింది. ఇంత పెద్ద ఆస్పత్రిలో మన మాట ఇనబడీసరికి నాకు ఏడుపొచ్చీసింది. దాని తెలుగు నాకు సగం, నా తెలుగు దానికి సగం, అయినా మనదే కదా.

"సంచి నిండంగనే దాని నరం పైకి కబురు పంపుతది పెద్దమ్మా" అన్నాది. "మీకు నడుముకు దెబ్బ తాకింది కదా, ఆ కబురు పైకి పోతలేదు. కింద నరం ఇంక మాట్లాడుతుందా, అది గూడ చచ్చిపోయిందా, గదే చూస్తున్నం. మాట్లాడితే మంచిగైతది. చిన్న యంత్రం లోపల పెడ్తం, అది నరం మాట వింటది, మీ చేతికి గడియారం లెక్క ఒకటి కడ్తం, నిండంగనే జుయ్‌మంటది. మీరే లేచి పోయి పొట్ట ఒత్తుకొని పోసుకోవచ్చు."

నాను లెగడం, నాను ఎల్లడం, నాను పోసుకోడం. ఎవులైనా ఇంటే నవ్విపోతారు, యాబై దాటిన ఆడది దీనికోసం దేవుల్లకి మొక్కుతున్నాదా అని. మరి నరం సచ్చిపోతేనో అమ్మా, అని అడిగేను. పిల్ల కాయితాలు సర్దుకున్నాది. మా మావకి మాత్రం ఇదంతా ఇనగానే బోదపడిపోనాది. మా మావ కూర్మయ్య అంటే ఓడల డాకులో అందరికీ తెలుసు, సిగ్నల్ కూర్మయ్య. ఓడ కడుపులో సరుకుంటాది, పైన క్రేన్లో కూకున్నోడికి ఆ కడుపు కనబడదు, అంచున నిలబడి సెయ్యూపీవోడే ఆడి కల్లు. హబీస్ అంటే లేపు, ఆరియా అంటే దించు, ఒదులు. ఏ దేశం మాటలో ఏటో, ఓడలోల్లందరూ అదే అంటారు. "ఓలె జగ్గీ, కింద సిగ్నలోడు సెయ్యూపుతున్నాడే, పైన క్రేనోడు సూడ్డం లేదు, అంతే. సిగ్నలోడు బతికుంటే భయమేటే" అన్నాడు. ఆ మాట పట్టుకునే ఇక్కడిదాకా వొచ్చేను నాను.

అడుగున మెట్రో ఎల్తన్నాది గావాల, బల్ల సన్నగా వొణికింది, రొమ్ము కాడ తెలిసింది నాకు. సూడండి, బూమి లోపల ఎక్కడో ఎల్లీ రైలు తెలుస్తాది, నా పొట్టలో నీల్లు తెల్దు. నింపడం మొదలెట్టేమంటన్నారు. మొదలెట్టేరా, నిజమేనా. ఏటీ లేదు. మహితమ్మ అడుగుతాది, ఏమన్న తెలుస్తుందా పెద్దమ్మా అని, లేదమ్మా అంటాను, సరే అంటాది. డబ్బా మాత్రం అలాగే సెరుగుతున్నాది. పలకవే, తల్లీ పలకవే, అన్నేల్లు నిన్ను నోరు మూసుకోమన్నాను, ఇప్పుడు పలకమంటే కోపమొచ్చిందేటి.

నోరు మూయించింది నాను కాదు, మా యమ్మ. సింహాచలమ్మ అంటే లైన్లో ఆడోల్లందరికీ హడలు. లైనంటే డాకు కూలీల ఇల్ల వరస, అందరికీ కలిపి ఓ వరస దొడ్లు, ఆడోల్ల దొడ్డికి గడియ లేదు, ఒకరు లోపలుంటే ఒకరు బయట కాపలా. తెల్లారకుండా ఓసారి, సీకటి పడ్డాక ఓసారి, అంతే. మద్దిలో వొచ్చిందా, ఆపుకో. ఆపుకోలేందీ ఆడదేటే, అనీది. ఆకలాపుకో, ఏడుపాపుకో, ఇదీ ఆపుకో. అమ్మలక్కల ముందర నా బుగ్గ పునికి, మా జగ్గి రాగిబిందె, సుక్క కారదు, అని మురిసిపోయీది. నాకూ అదే గొప్ప. బజార్లో కూకున్నాక ఆ ఇద్దెలో నాకెదురు లేకపోనాది. పక్క గంప అప్పలలక్ష్మిది, మద్దేన్నానికి అది మెలికలు తిరిగిపోయీది, నాను నవ్వీదాన్ని, ఓసి నీ తెలివి తగలెయ్య, ఇలాగ పెట్టే కాలు, ఇలాగ బిగించు తొడలు, పిర్రలు నొక్కిపెట్టి ఊపిరి కిందికి దిగనీకు అని. అదో పద్దతి, సెప్తే రాదు, పుట్టుకతో అబ్బాల. నెత్తల్లు తూస్తా, బెంగాలోల్లతో బేరమాడతా, ఈగల్ని తోల్తా, లోపల మాత్రం బిగించుకునే ఉండీదాన్ని. దేవుడికి దన్నం పెట్టినప్పుడు కూడా బిగించే పెట్టీదాన్ని.

ఆ సేపలే నా నడుం ఇరిసినాయి. వానాకాలం, గొడౌన్లో బస్తాలు ఒకదాని మీద ఒకటి పేర్చున్నాయి, తడికి అడుగు బస్తా కుంగిపోనాది గావాల, నాను కింద కూకుని రొయ్యలు ఏరుకుంటున్నాను, మొత్తం ఇరగబడ్డాయి. ఓలమ్మోలమ్మ అని అరిసేనంట, నాకు గుర్తులేదు. నడుముకి కోత కోసేరు, ఇనుప సీలలేసేరు, కాల్లు మెల్లిగా తిరిగొచ్చినాయి, కర్ర పట్టుకుని నడుస్తాను. అదొక్కటీ రాలేదు. అది నిండింది తెల్దు, కారింది తెల్దు, సీర తడిసి కాలికి సల్లగా తగిల్తే అప్పుడు తెలుస్తాది. మొదట్లో ఎవులికీ తెలీనేదు, ఎండుసేపల కాడ ఏ కంపని ముక్కు మూసుకుంటారు సెప్పండి, నాలో నానే నవ్వుకున్నాను, నా సరుకే నన్ను కాపాడుతున్నాదిరా అని. ఆ నవ్వు అప్పలలక్ష్మి మనవరాలి బారసాల్లో పోనాది. సాప మీద అందరం కూకున్నాం, ఇస్తల్లు ఏసేరు, నా పక్కనున్నోల్లు ఒకల తరవాత ఒకలు ఇస్తరెత్తుకుని లెగుస్తున్నారు. ఎందుకా అని సూసేను. అప్పలలక్ష్మి పరిగెత్తుకొచ్చి, అయ్యో నీల్ల సెంబు ఒలికిపోనాదే, అని అందరికీ ఇనబడీలా అరిసి సాప సుట్టబెట్టీసింది. అక్కడ సెంబే లేదు. తిట్టినా అంత తగల్దు నాకు. ఆరోజు నించి బజారుకెల్లడం మానీసేను, నా సోట్లో ఎవులో ఉల్లిపాయలమ్ముతున్నారంట.

ఇంక మా మావ. ఇది నానెవులికీ సెప్పలేదు, ఈ నేలకి సెప్తన్నాను, ఈ దూదిముక్కకి సెప్తన్నాను. ఉచ్చ తియ్యడానికి గొట్టం అతనే పెడతాడు. పొద్దున్న ఓసారి, మద్దేన్నం, దీపాలేల, పడుకోబోయే ముందర. కూతురు లేదు, కోడలు ఊరు కాని ఊర్లో ఉన్నాది, నా సేతులికి అందదు. నర్సు ఒక్కసారి సూపిస్తే నేర్సీసుకున్నాడు. మోసేతుల దాకా సబ్బెట్టి కడుగుతాడు, తుడుసుకోడు, తుడుసుకోకూడదంట, తడి సేతులు అలాగే పైకెత్తి పట్టుకుని వొచ్చి, ఓలె, కానిద్దామా, భయమేటే, నానున్నాను కదా, అంటాడు. ఆ మాట ఇన్నపుడల్లా నాకు సచ్చిపోవాలనుంటాది. ఒక్క పూటా మానలేదు, ఒక్కసారీ ఇసుక్కోలేదు, గొట్టం పెడుతున్నంతసేపూ నన్ను సూడకుండా గోడకేసి సూస్తాడు, నాకు సిగ్గని. ఇసుక్కుంటే బాగున్ను. తిడితే ఇంకా బాగున్ను, నానూ తిట్టీదాన్ని. ఆ సేతులేనండి, పెల్లైన కొత్తలో డాకు నించి వొచ్చి, గోనెనార కంపు కొడతా నా నడుం మీద పడితే, పోరా ముసలి మావా అని కొట్టీదాన్ని, కొట్టి మల్లీ దగ్గరికి లాక్కునీదాన్ని. అదే మనిసి. మొన్న ఓ మద్దేన్నం వాన కురుస్తున్నాది, ఇద్దరం మంచం మీద ఊరికే కూకున్నాం, నా బుజం మీద సెయ్యేసేడు. నాను, ఇంకా టయిం కాలేదు మావా, అన్నాను. సెయ్యి తీసీసేడు. అంతే, మల్లీ ఎయ్యలేదు. ఆ మాట ఎందుకన్నానో, నోట్లోంచి దానంతట అదే వొచ్చీసింది. నాకు మొగుడు కావాల, నర్సు వొద్దు. ఈ యంత్రం నాకు అందుకే. బజారూ వొద్దు, బారసాలా వొద్దు, ఆ సేతులు ఆ పని మానీసి మల్లీ నా మీద ఊరికే పడాల. నరమా, ఇంటన్నావా.

ఇన్నాది. ఓలమ్మ, ఇన్నాది! రొద మారింది. బియ్యం సెరుగుడు పోయి, రేకుల మీద వాన మొదలైనట్టు పటపటా, ముందర సినుకులు, తరవాత బాగా. నర్సు అంటాది, ఇంకొంచెం పోస్తన్నాం మాశీ, ఆ మాటతోటే సప్పుడు ఇంకా పెరిగింది. నీలం సెప్పులు రెండడుగులు ముందుకేసినాయి. డాక్టరు బాబు వొచ్చేడు, నల్ల బూట్లు, ఇద్దరూ గబగబా ఇంగిలీసులో ఏటో అనుకుంటన్నారు, గొంతుల్లో సంబరం తెలుస్తన్నాది నాకు, సంబరానికి బాసేటి. సిగ్నలోడు బతికున్నాడు మావా! సెయ్యూపుతున్నాడు! అప్పలలక్ష్మీ, ఆ ఉల్లిపాయలోడ్ని లెగ్గొట్టవే, నాను వొచ్చేస్తన్నాను. ఎదరగా సెయ్యి సాపుకుని సూసుకున్నాను, ఈ మనికట్టుకే కడతారు, జుయ్‌మంటాది, నాను మాట్లాడుతూ మాట్లాడుతూ, ఉండండే ఇప్పుడే వొస్తాను, అని లెగుస్తాను, ఎంత గొప్పగా లెగుస్తానో సూడండి. మావకి సెప్తాను, ఆ గొట్టాలన్నీ గంగలో పారీసి రా, సబ్బు మొకానికి రాసుకో అని. మొకం ఉన్న గుంట తడిసిపోనాది, కన్నీల్లే, అవి నాకు తెలుస్తాయి.

అంతలో మహితమ్మ సెయ్యి నా తొడ కిందికి దూరింది. ఎనకపక్క తెల్దు గానీ ముందరపక్క తెలుస్తాది.

"పెద్దమ్మా, కాళ్లు గింత గట్టిగ బిగబట్టిన్రేంది?"

నాను బిగబట్టలేదమ్మా అన్నాను. బిగబట్టలేదు నిజంగానే, నాకు తెల్దు. నర్సు పిక్కలు నొక్కింది, పిర్రలు నొక్కింది, రాయిలాగ ఉన్నాయి మాశీ అన్నాది. డబ్బా మాత్రం పటపటా అంటానే ఉన్నాది. అప్పుడు మహితమ్మ వొంగి నా సెవి కాడికి వొచ్చి మెల్లిగా సెప్పింది. ఆ సప్పుడు నరంది కాకపోవచ్చంట. కండలు బిగిస్తే ఆ తీగలకి అదే ఇనబడతాదంట. నరం మాట దీనికంటే సన్నగుంటాదంట, ఈ గోల్లో అది ఉన్నాదో లేదో తెల్దంట. ఒక్కసారి అంతా వదిలేయండి పెద్దమ్మా, అన్నాది.

"ఒదిలేస్తే కారిపోద్ది కదమ్మా."

"కారనీయండి, ఏం గాదు. గుడ్డ ఏసినం కదా."

కారనీయండంట. పుట్టి బుద్దెరిగాక ఈ మాట నాతో ఎవులన్నారు. ఒదులుదామనే సూసేను, ఎలా ఒదలాలో తెలీనేదు. నాకు ఆపడం తెలుసు గానీ ఒదలడం ఎవులు నేర్పేరు. నింపుతున్నాం అంటే సాలు, నాకు సెప్పకుండానే వొల్లు బిగుసుకుపోతన్నాది, పక్కన మొగోడి బూట్లున్నాయి, ఎలా ఒదుల్తాది. ఛేడే దావ్ మాశీ, ఒదిలీ, ఒదిలీ, అని నర్సు నా ఈపు రాస్తన్నాది పసిపిల్లకి రాసినట్టు. ఎదవ జన్మ, ఒదలడం కూడా సేతకాదేటే నీకు. అప్పుడు గుర్తొచ్చింది అతని గొంతు. పెల్లైన కొత్తలో కేరేజీ పట్టుకుని డాకు గేటు కాడ నిలబడీదాన్ని, లోపల మనిసి కనబడడు, నీల్ల మీంచి గొంతొక్కటే వొచ్చీది, ఆరియా... ఆరియా... అని సాగదీసి, బరువు మెల్లిగా కిందికి దిగీది, గుడ్డునైనా సితక్కుండా దించుతాడని పేరు. ఆ గొంతు తలుసుకున్నాను. ఆరియా, ముందు కాల్లు. ఆరియా, తొడలు. మావా, ఇంకొంచెం సెప్పు. ఆరియా. నడుం కిందంతా బల్ల మీదికి దిగిపోనాది, ఇన్నేల్ల బరువు, మా యమ్మతో సహా.

వాన ఎలిసిపోనాది. పటపటా తగ్గింది, సినుకులైంది, మల్లీ బియ్యం సెరుగుడు. నర్సు ఇంకా పోస్తన్నాది. ఇంకొంచెం, అంటాది డాక్టరు బాబు. ఇంకొంచెం. సెరుగుడు పెరగలేదు, తగ్గలేదు. ఇదైనా నాదేనా అమ్మా, ఈ సన్న రొద, అని అడిగేను. మహితమ్మ నా తల మీద సెయ్యేసి, అది మిసన్ సప్పుడు పెద్దమ్మా, తీగలు తీసేసినా ఉంటది, అన్నాది. నాను మల్లీ బిగించేను. ఈసారి తెలిసే బిగించేను. డబ్బా పలికింది. వొద్దు పెద్దమ్మా, అన్నాది. ఉండమ్మా, ఇంకోసారి, అని బిగించేను. వొద్దు, చాలు, అని నా సెయ్యి పట్టుకున్నాది. సరే అని ఒదిలీసేను. ఇప్పుడు ఒదలడం బాగా వొచ్చీసింది నాకు.

మరిన్నాల్లూ నాను దేన్ని ఆపుతున్నానో. నిండిందని సెప్పీ నరం లేదు, సచ్చిపోనాది, ఆ బస్తాల కిందే సచ్చిపోనాది, అయినా నాను తలుపు మూసి కాపలా కాస్తానే ఉన్నాను, లోపల ఎవులూ లేని దొడ్డికి. మా యమ్మ నేర్పింది నరం కంటే గట్టిది. నవ్వొస్తన్నాది. ఏడుపు రాదేటి మరి, ఇందాక సంబరానికి అయిపోనాది గావాల. నర్సు పొట్ట కాలీ సేసింది, తీగలు పీకింది, తిప్పి కూకోబెట్టింది. డాక్టరు బాబు సారీ మాశీ అన్నాడు, పొట్టకి సిల్లు పెట్టి సంచి తగిలించీ పద్దతి ఒకటున్నాదంట, తరవాత మాట్లాడుకుందాం అన్నాడు. మహితమ్మ మిసన్ కట్టీసింది. కట్టీసీసరికి గది ఎంత నిశ్శబ్దమైపోనాదో సెప్పలేను.

సక్రాల కుర్సీలో బయటికి తోసుకొచ్చింది నర్సు. వరండా సివర మా మావ నిలబడున్నాడు, సేతులు రెండూ మోసేతుల కాడికి పైకెత్తి. ఏటి సిగ్నలు ఇస్తన్నాడు అనుకున్నాను మొదట. దగ్గరికొచ్చేక సూస్తే నీల్లు కారుతున్నాయి సేతుల్నించి. కడుక్కున్నాడు.

"ఎప్పుడు కడిగేవు మావా?"

"ఇందాకే. మద్దేన్నం టయిమైపోనాది కదేటి."

"ఈల్లే తీసీసేరు. అక్కర్లేదు."

అలాగా, అన్నాడు. ఆ తడి సేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలీక అలాగే గాల్లో పట్టుకుని నిలబడ్డాడు. ఏటన్నారో అడగవా, అన్నాను. నా మొకంలోకి సూసేడు, ఓడ కడుపులోకి ఒంగి సూసినట్టు సూసేడు, కాలీయో కాదో తెలిసిపోద్ది అతనికి. సేతులు పంచెకి తుడుసుకున్నాడు, తుడుసుకోకూడదన్న సేతులు, అవి నా బుజం మీదికి వొస్తాయేమోనని ఎదురు సూసేను, కుర్సీ ఎనక్కెల్లి పిడులు పట్టుకున్నాయి.

"నిన్నట్నించి నీల్లు తాగలేదు నువ్వు. తులసి కుండీలో నీల్లు నిలబడిపోనాయి, సూసేను" అన్నాడు ఎనక నించి. "ఇంటికెల్లి కడుపునిండా తాగు. భయమేటే, నానున్నాను కదా."

ఆ మాట ఇంకెప్పుడూ ఇనకూడదనే నాను ఆ బల్లెక్కేను.